మీటర్ ముల్లు సున్నాకి పడిపోతోంది, అదే క్షణంలో స్టీరింగ్ బరువెక్కుతోంది: ఎక్కడ వెతకాలి?

#1 · మలుపు_దారి

అందరికీ నమస్కారం. నాది ఎనిమిదేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. మాన్యువల్ గేర్లు, ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్. లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. మూడు నెలల కింద ఒక జబ్బు పట్టుకుంది, ఇప్పటికీ వదలడం లేదు.

బండి మామూలుగా నడుస్తూ ఉండగా స్పీడో ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడిపోతుంది. వెంటనే స్టీరింగ్ బరువెక్కుతుంది, పసుపు రంగు స్టీరింగ్ లైటు వెలుగుతుంది. రెండు మూడు సెకన్లలో ముల్లు దానంతటదే లేస్తుంది. స్టీరింగ్ మాత్రం కొన్నిసార్లు వెంటనే తేలికవుతుంది, కొన్నిసార్లు బండి ఆపి, తాళం తీసి మళ్లీ వేసేదాకా అలాగే ఉండిపోతుంది. ఇంజిన్ ఆగదు, పికప్ తగ్గదు.

ఇంకోటి కూడా ఉంది. ఇరుకు చోట పార్కింగ్ చేస్తుంటే స్టీరింగ్ ఒక్కటే బరువెక్కుతుంది. చక్రాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగైదు సార్లు తిప్పాక వస్తుంది ఇది.

ఒక్కోరోజు రెండుసార్లు వస్తుంది, ఒక్కోసారి వారమంతా రాదు. సర్వీస్ సెంటర్‌కి రెండుసార్లు తీసుకెళ్లాను, అక్కడ ఒక్కసారీ రాలేదు. రెండోసారి మాత్రం స్టీరింగ్ కాలమ్ (చక్రం కింది కడ్డీ, దానిమీది మోటార్‌తో సహా) మొత్తం మార్చాలన్నారు. అంత ఖర్చు పెట్టాక కూడా ముల్లు పడిపోతే? పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి, భయంగా ఉంది. దారి చూపండి.

#2 · గేరు_నాలుగు

కాలమ్‌లో మోటార్ పోయి ఉంటుంది. మా బంధువుల బండికి స్టీరింగ్ ఇలాగే బరువెక్కితే కాలమ్ మార్చారు, బాగైపోయింది. ఆలస్యం చేయకండి, స్టీరింగ్‌తో ప్రయోగాలు వద్దు.

#3 · నల్లవైరు

ఇరవై ఏళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. కాలమ్ జోలికి ఇప్పుడే పోకండి.

కాలమ్ పోతే స్టీరింగ్ బరువెక్కడం సరే, ముల్లు ఎందుకు పడిపోవాలి? వేగం కాలమ్ నుంచి మీటర్‌కి వెళ్లదు. వేగాన్ని లెక్కగట్టే చోటు ఇంకొకటుంది. అక్కడి నుంచి మీటర్‌కీ, స్టీరింగ్ కంప్యూటర్‌కీ ఒకే కబురు వెళ్తుంది. మీ బండి వయసు చూస్తే అది చాలావరకు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) కంప్యూటరే అయి ఉంటుంది. నాలుగు చక్రాల దగ్గరున్న సెన్సర్లు అక్కడికి చెబుతాయి, అది లెక్కగట్టి క్యాన్ లైను (కంప్యూటర్లన్నీ మాట్లాడుకునే జంట వైర్లు) మీద అందరికీ పంచుతుంది. బండి నెమ్మదిగా ఉన్నప్పుడు స్టీరింగ్‌కి ఎక్కువ సాయం, వేగంగా పోతుంటే తక్కువ సాయం ఇవ్వాలి కదా, అందుకని స్టీరింగ్‌కి ఆ కబురు అన్నంతో సమానం. అది ఆగిపోతే చాలా బండ్లలో ఈపీఎస్ (ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్) లైటు వేసి సాయం తగ్గించేస్తుంది. మోటార్ బాగానే ఉన్నా సరే.

కాబట్టి ముందు ఇవి చెప్పండి. ముల్లు పడినప్పుడు ఆర్పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) ముల్లు కూడా పడుతోందా, నిలబడే ఉంటోందా? ఇంకే లైట్లు వెలుగుతున్నాయి, ముఖ్యంగా ఏబీఎస్ లైటు? కిలోమీటర్ల లెక్క ఆ రెండు సెకన్లు ఆగుతోందా? బండి కదిలిన ఎంతసేపటికి వస్తోంది? గతుకులా, మలుపులా, వానా, ఎండా? "అప్పుడప్పుడూ" అంటే సరిపోదు తమ్ముడూ. అప్పుడప్పుడూ వచ్చే జబ్బుకి "ఎప్పుడు" అన్నదే సగం వైద్యం.

పక్కన కూర్చున్న వాళ్లతో మీటర్‌ని ఫోన్‌లో వీడియో తీయించండి. నడుపుతూ మీరు తీయొద్దు.

#4 · రాత్రి_డ్రైవ్

నల్లవైరు గారు ఆర్పీఎం గురించి ఎందుకు అడిగారో నా అనుభవం చెప్తే అర్థమవుతుంది. నా బండిలో కూడా ముల్లు, స్టీరింగ్ కలిసే పోయేవి. కానీ నాకు ఆ క్షణంలో మీటర్ మొత్తం చీకటయ్యేది, ఆర్పీఎం పడేది, ఎఫ్ఎం కూడా ఒక్క క్షణం ఆగేది. తాళం చెవికి వేలాడే గుత్తిని చేత్తో కాస్త ఊపితే వచ్చేసేది. ఇగ్నిషన్ స్విచ్ లోపలి కాంటాక్టులు అరిగిపోయాయి. స్విచ్ ఒక్కటే మార్చారు, మూడేళ్లు దాటింది, మళ్లీ రాలేదు. మలుపు_దారి గారూ, మీకు మీటర్ లైటు ఆరుతోందా?

#5 · పాతబండి

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాది చాలా పాత బండి, మీటర్‌కి తీగ కేబుల్, స్టీరింగ్ ఆయిల్‌తో పనిచేసేది. ముల్లు 40 దగ్గర అటూ ఇటూ ఊగుతుంది, పొద్దున్నే స్టీరింగ్ బిగుతుగా ఉండి కీచుమంటుంది. నాకూ ఇదేనా?

#6 · ఇరుసు

పాతబండి గారూ, మీవి రెండూ వేరు వేరు. మీ బండిలో ఆ రెంటికీ చుట్టరికమే లేదు. ముల్లు ఊగడం అంటే కేబుల్ లోపల ఎండిపోయింది లేదా ఎక్కడో మడత పడింది. కీచుమనే స్టీరింగ్‌కి ముందు పంపు బెల్టు బిగుతు, తర్వాత ఆయిల్ మట్టం చూడండి. ఆయిల్ నురగ కడుతుంటే ఎక్కడో గాలి పీలుస్తోందని అర్థం. విడిగా ఇంకో చర్చ మొదలుపెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

మలుపు_దారి గారికి: చక్రాల సెన్సర్లు చూపించారా? ఈ మధ్య హబ్ బేరింగ్ ఏదైనా మార్చారా? ఇప్పటి బేరింగుల్లో ఒక ముఖానికి అయస్కాంత రింగు ఉంటుంది, సెన్సర్ చదివేది దాన్నే. బేరింగ్ తిరగేసి ఎక్కిస్తే చక్రం చక్కగా తిరుగుతుంది, సెన్సర్‌కి మాత్రం ఏమీ కనబడదు. మా షెడ్డులో ఇది రెండుసార్లు చూశాను. ఆ రింగుకి బ్రేకుల నుంచి రాలిన ఇనుప పొడి అంటుకున్నా రీడింగు తప్పుతుంది.

#7 · మలుపు_దారి

ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. బేరింగులేవీ మార్చలేదు. మీటర్ లైటు ఆరడం లేదు, పాటలు ఆగడం లేదు.

నాలుగు రోజులు మా తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని తిరిగాను. రెండుసార్లు దొరికింది. వీడియోని నెమ్మదిగా నడిపించి చూస్తే నాకు మూడు నెలలుగా కనబడనిది కనబడింది. మొదట ఏబీఎస్ లైటు వెలుగుతోంది. ఆ వెంటనే ముల్లు జారడం మొదలవుతోంది. అది కిందికి చేరేలోపు స్టీరింగ్ లైటు వస్తోంది. ఆర్పీఎం రెండు వేల దగ్గర కదలకుండా నిలబడి ఉంది. కిలోమీటర్ల లెక్క సంగతి ఆ రెండు సెకన్లలో తేల్చలేకపోయాను.

మొదటిది పొద్దున బండి తీసి వీధి చివరికి కూడా రాకముందే వచ్చింది, వేగం 15 దగ్గర. రెండోది గతుకులో ముందు చక్రం పడినప్పుడు. ఇప్పుడు ఆలోచిస్తే మొదటి నుంచీ ఇవే రెండు సందర్భాలు అనిపిస్తోంది.

ఇంకో అనుమానం కూడా. ఫోన్ జీపీఎస్‌లో 80 ఉన్నప్పుడు మీటర్‌లో 84 ఉంటోంది. ఇది కూడా జబ్బేనా?

#8 · సున్నా_ఓమ్

80కి 84 జబ్బు కాదు. మీటర్ ఎప్పుడూ అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదని యూఎన్ రెగ్యులేషన్ 39 చెబుతుంది. ఎక్కువ చూపొచ్చు, అసలు వేగంలో పదో వంతుకి 4 కలిపినంత వరకు. అంటే 80కి 92 దాకా అనుమతే. తయారీదారులు అందుకే కాస్త పైకే పెడతారు.

లైట్ల వరుస చాలా విలువైన ఆధారం. ముల్లు, స్టీరింగ్ రెండూ ఏబీఎస్ తర్వాతే పడ్డాయి. ఇప్పుడు స్కానర్ పెట్టించండి, కానీ ఒక షరతు: ఇంజిన్ ఒక్కటే చూసే చవక పరికరం కాదు, అన్ని కంప్యూటర్లనూ పలకరించేది కావాలి. ఏ కంప్యూటర్‌లో ఏ లోపం కోడ్ ఉందో విడివిడిగా రాసుకోండి. అన్నీ కలిపి చదివితే కథ అర్థం కాదు. రాసుకునేదాకా ఎవర్నీ చెరిపేయనివ్వొద్దు.

వీలైతే క్యాన్ లైను కూడా కొలవండి. బ్యాటరీ నెగెటివ్ తీసి, కాసేపు ఆగి, ఓబీడీ సాకెట్‌లో (స్కానర్ తగిలించే చోటు) 6, 14 పిన్నుల మధ్య ఓమ్‌లు చూడండి. లైను రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లుంటాయి, కలిపి 60 రావాలి. 120 వస్తే ఒక చివర తెగినట్టు. సున్నా దగ్గర వస్తే రెండు వైర్లు ఎక్కడో ఒరుసుకుని కలిసినట్టు. కొన్ని బండ్లలో ఆ సాకెట్‌కి ముందు గేట్‌వే (మధ్యలో కబుర్లు దాటించే ఇంకో కంప్యూటర్) ఉంటుంది, అప్పుడు ఈ లెక్క పనికిరాదు. మీ వయసు హ్యాచ్‌బ్యాక్‌లో సాధారణంగా ఉండదు.

#9 · గేరు_నాలుగు

వీడియో సంగతి చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా బంధువుల బండిలో ముల్లు ఎప్పుడూ పడలేదు, స్టీరింగ్ ఒక్కటే. ఆ తేడా నేను పట్టించుకోలేదు. ఏబీఎస్ లైటు ఉంది కాబట్టి ఒక జాగ్రత్త మాత్రం చెప్తాను: ఆ లైటు వెలిగినంతసేపూ బ్రేకులు పడతాయి కానీ గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని జారొచ్చు. ముందు బండికి దూరం పెంచి నడపండి.

#10 · మలుపు_దారి

స్కానింగ్ అయింది. పరిచయం ఉన్న షెడ్డులో పెద్ద స్కానర్ ఉంటే అక్కడే దగ్గరుండి రాసుకున్నాను. స్టీరింగ్ కంప్యూటర్‌లో యూ0121, మీటర్‌లో కూడా యూ0121. రెండూ ఏబీఎస్‌తో మాటలు తెగిపోయాయనే చెబుతున్నాయట. ఇంజిన్ కంప్యూటర్‌లో పీ0500, వేగం సిగ్నల్ అందలేదని. ఏబీఎస్‌లో మాత్రం ఒక్క కోడూ లేదు. షెడ్డు ఆయన "ఏబీఎస్ శుభ్రంగా ఉంది, దాని వైపు చూడక్కర్లేదు" అన్నాడు.

క్యాన్ కొలత 60.4 ఓమ్‌లు వచ్చింది.

నిజం చెప్పాలంటే ఇప్పుడు ఇంకా అయోమయంగా ఉంది. లైటు ఏబీఎస్‌ది మొదట వస్తుంటే కోడ్ అందులోనే కదా ఉండాలి?

#11 · నల్లవైరు

తమ్ముడూ, అసలు దొంగ దొరికాడు. ఏబీఎస్‌లో కోడ్ లేకపోవడమే ఆధారం.

చక్రం సెన్సర్ పోతే ఏబీఎస్ బతికే ఉంటుంది. "ఫలానా చక్రం నుంచి సిగ్నల్ రావట్లేదు" అని తన పుస్తకంలో రాసుకుంటుంది, క్యాన్ మీద మాట్లాడుతూనే ఉంటుంది. అప్పుడు మిగతావాళ్లు "మాటలు తెగిపోయాయి" అని రాయరు. ఇక్కడ ముగ్గురు వేరే వేరే చోట్ల నుంచి ఏబీఎస్ పలకలేదని సాక్ష్యం చెబుతున్నారు, ఏబీఎస్ మాత్రం ఏమీ ఎరగనట్టుంది. ఎందుకంటే ఆ రెండు సెకన్లూ అది స్పృహలో లేదు. కరెంటు పోయింది. కరెంటు లేనివాడు ఏం రాసుకుంటాడు?

క్యాన్ వైరే తెగి ఉంటే? అప్పుడు ఏబీఎస్ బతికే ఉండి, మిగతావాళ్లు తనకు వినబడటం లేదని తనూ రాసుకునేది. అదీ లేదు. కాబట్టి మిగిలింది ఏబీఎస్‌కి వచ్చే పాజిటివ్, లేదా దాని ఎర్త్ (కరెంటు బాడీ మీదుగా బ్యాటరీ నెగెటివ్‌కి తిరిగెళ్లే దారి).

పొద్దున 15 స్పీడులో వచ్చింది అన్నారు చూశారా, అది చదవగానే నాకు ఎర్త్ మీద అనుమానం పడింది. బండి కదిలి కాస్త వేగం అందుకోగానే చాలా ఏబీఎస్‌లు తమ పంపు మోటార్‌ని ఒక్క క్షణం తిప్పి పరీక్షించుకుంటాయి. చెవి పెట్టి వింటే బానెట్ కింద నుంచి "గుర్ర్" అని చిన్న శబ్దం వస్తుంది. ఆ క్షణంలో అది చాలా కరెంటు లాగుతుంది. ఎర్త్ బలహీనంగా ఉంటే అక్కడే ఓల్టేజీ పడిపోతుంది, కంప్యూటర్ ఆరి మళ్లీ లేస్తుంది. గతుకులో ఎందుకంటారా, లూజ్ కాంటాక్ట్‌కి కుదుపు చాలదూ!

చేయాల్సిన పని చెప్తాను. ఏబీఎస్ ఎర్త్ వైరుని ఓమ్ మీటర్‌తో కొలిచి సంతృప్తి పడకండి. మీటర్ పంపేది చీమంత కరెంటు, పది పోగుల వైరులో ఒక్క పోగు మిగిలినా అది "బాగుంది" అంటుంది. వైరుకి బరువు ఎత్తాలి. పాత 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు ఒకటి తీసుకోండి. తాళం తీసేసి, ఏబీఎస్ పెద్ద కప్లర్ (వైర్లన్నీ వచ్చి తగిలే ప్లగ్గు) విప్పండి. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు పెట్టిన వైరుతో బల్బుకి, బల్బు నుంచి కప్లర్‌లోని ఎర్త్ పిన్నుకి. పిన్ను నోరు వెడల్పు కాకుండా సరిపడే సన్నటి టెర్మినల్ వాడండి, సూది గుచ్చొద్దు. బల్బు నాలుగు నాలుగున్నర యాంపియర్లు లాగుతుంది. అప్పుడు ఆ పిన్నుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య ఓల్టులు చూడండి. మంచి ఎర్త్ అయితే 0.1 లోపు ఉండాలి. బల్బు వెలుగుతుండగానే వైరింగ్‌ని చేత్తో చోటు చోటునా మెల్లగా ఊపుతూ రండి. ఏ పిన్ను ఎర్త్ అన్నది మీ బండి వైరింగ్ బొమ్మ చూసే తేల్చుకోండి, ఊహించొద్దు.

#12 · ఇరుసు

నేను సెన్సర్ల వైపే చూస్తున్నాను, నల్లవైరు అన్న చెప్పింది చదివాక ఒప్పుకుంటున్నాను. ఒక్కటి కలుపుతాను. సెన్సర్ చూడాల్సి వస్తే కొత్త రకం సెన్సర్లకి ఓమ్ మీటర్ పెట్టకండి. అవి కరెంటు హెచ్చుతగ్గులతో, 7, 14 మిల్లీ యాంపియర్ల మధ్య మాట్లాడతాయి. లోపల చిప్ ఉంటుంది, ఓమ్‌లలో ఏదీ తేలదు. పాత తీగచుట్ట సెన్సర్లకే ఆ కొలత. స్కానర్‌లో నాలుగు చక్రాల వేగాలూ పక్కపక్కన పెట్టి నడిపితే ఏది తడబడుతోందో కనబడుతుంది.

#13 · సున్నా_ఓమ్

పార్కింగ్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నాకు అది వేరే జబ్బు అనిపిస్తోంది.

బండి ఆగి ఉన్నప్పుడు ముల్లు ఎలాగూ సున్నా మీదే ఉంటుంది, అందుకని ముల్లుని బట్టి ఏమీ చెప్పలేం. కానీ అప్పుడు ఏబీఎస్ లైటు వస్తోందా? రాకపోతే అది ఈ కథ కాదు. చక్రాన్ని చివరిదాకా తిప్పి గట్టిగా పట్టుకుని ఉంచితే ఈపీఎస్ మోటార్ వేడెక్కి తనను తాను కాపాడుకోవడానికి సాయం తగ్గించుకుంటుంది, చల్లారితే మామూలవుతుంది. లేదా ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడిచేటప్పుడు) ఓల్టేజీ పడిపోతోంది. కాలమ్ మీదుండే ఈపీఎస్ నిలబడిన బండి చక్రాలు తిప్పేటప్పుడు పదుల యాంపియర్లు లాగుతుంది. ఐడిల్‌లో ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు తయారుచేసేది) అంత ఇవ్వలేదు, మిగతాది బ్యాటరీయే పెట్టుకోవాలి.

#14 · నల్లవైరు

సున్నా_ఓమ్ గారితో నాకు అభిప్రాయ భేదం ఉంది. ఒకే బండిలో ఒకే సమయంలో వచ్చిన రెండు లక్షణాలకి ముందు ఒకే కారణం వెతకడం నా అలవాటు. ఎర్త్ బాగుచేశాక పార్కింగ్ సంగతి కూడా పోతుందేమో చూడండి. పోకపోతే అప్పుడు బ్యాటరీ దగ్గరికి వెళ్దాం.

#15 · మలుపు_దారి

దొరికింది! చేతులు ఇంకా మసిగానే ఉన్నాయి, వెంటనే రాయాలనిపించింది.

బల్బు పెట్టాను. వెలిగింది. కానీ బ్యాటరీకి నేరుగా పెట్టినప్పటి తెలుపు లేదు, కాస్త పసుపుగా ఉంది. పిన్నుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య 1.3 ఓల్టులు. అన్నా, మీరు 0.1 లోపు అన్నారు. వైరింగ్‌ని కప్లర్ దగ్గర ఊపితే ఏమీ మారలేదు. ఫెండర్ పక్కన, బ్యాటరీ ట్రే కిందికి దిగేచోట పట్టుకుని అటు లాగగానే బల్బు ఎర్రబడిపోయింది, ఓల్టు మీటర్‌లో 5 దాటింది. వదిలితే మళ్లీ పసుపు. మూడు నెలలుగా నన్ను ఏడిపించింది నా రెండు వేళ్ల మధ్య ఉంది.

బ్యాటరీ దించి, ట్రే విప్పి చూశాను. బాడీకి బిగించిన ఒక బోల్టు, దాని కింద నల్ల వైరు తాలూకు కళాయి పూసిన రాగి రింగు. బోల్టు చేత్తో కదలలేదు, బిగుతుగానే ఉంది. విప్పి రింగు తీస్తే దాని కింద బాడీ రంగు! ఇనుము కాదు, నిగనిగలాడే రంగు. రింగు అంచు నొక్కుకుని రంగు ఒక చోట గోరంత మేర చిట్లి ఉంది, ఆ చిట్లిన చోట సన్నగా తుప్పు గీత. ఇన్నాళ్లూ ఏబీఎస్‌కి ఎర్త్ అందింది ఆ గోరంత చోటు నుంచీ, బోల్టు మరల నుంచీ మాత్రమే.

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కింద ఆ వైపు ఫెండర్‌కి దెబ్బ తగిలితే లోపలి భాగం సరిచేసి రంగు వేయించాను. రంగు ఆరాక ఎర్త్ రింగుని దాని మీదే బిగించేశారు. రెండేళ్లు ఎలాగో నెట్టుకొచ్చింది, తుప్పు మొదలయ్యాక మొరాయించింది.

#16 · నల్లవైరు

శభాష్. ఆ బల్బు ఎర్రబడటం కళ్లతో చూశారు కాబట్టి ఇంక ఎవరు ఏం మార్చమన్నా మీరు అడగాల్సిన ప్రశ్న మీకు తెలుసు.

ఇప్పుడు తొందరపడి బిగించేయకండి. రింగు ఆనే మేర, అంతకన్నా కాస్త ఎక్కువ, రంగుని ఎమిరీ పేపర్‌తో గీకి ఇనుము మెరిసేదాకా తీయండి. రింగు అడుగు, బోల్టు తల అడుగు కూడా గీకండి. మరల్లో రంగు ఉంటే తీసేయండి. వైరు రింగులోకి దిగేచోట లాగి చూడండి, పోగులు పచ్చబడి ఉంటే రింగు కొత్తది నొక్కించుకోవాలి. బిగించాక మళ్లీ బల్బు పరీక్ష. ఆ అంకె చూడకుండా ట్రే పెట్టొద్దు.

#17 · మలుపు_దారి

అన్నీ అలాగే చేశాను. బోల్టు బిగించాక అదే బల్బు, అదే పిన్ను: 0.04 ఓల్టులు. వైరింగ్‌ని ఎంత ఊపినా అంకె కదల్లేదు. బల్బు తెల్లగా మండుతోంది. కోడ్లు చెరిపించాను. పొద్దున వీధి చివరికి వచ్చేలోపు ఆ "గుర్ర్" శబ్దం విన్నాను, ముల్లు కదల్లేదు.

కానీ పార్కింగ్ బరువు పోలేదు. సున్నా_ఓమ్ గారు చెప్పినట్టు చూశాను, అప్పుడు ఏబీఎస్ లైటు రావడం లేదు. చక్రం చివర పట్టుకుని ఉంచే అలవాటు నాకు ఉన్న మాట నిజమే, అది మానుకుని తిప్పినా వస్తోంది. ఇంకోటి, సెల్ఫ్ కొడితే ఇంజిన్ కాస్త బద్ధకంగా తిరుగుతోంది. బ్యాటరీ వయసు అనుకుని వదిలేశాను.

#18 · సున్నా_ఓమ్

సెల్ఫ్ బద్ధకంగా ఉందన్న మాట ముందే చెప్పి ఉంటే బాగుండేది. బ్యాటరీ కొనేముందు ఒక్క కొలత. ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ వేసి, ఇంకొకరిని స్టీరింగ్ తిప్పమనండి. ఆ సమయంలో ఓల్టు మీటర్ ప్రోబుల్ని ముందు బ్యాటరీ సీసపు మొనల మీదే పెట్టండి. తర్వాత ఆ మొనల చుట్టూ బిగించిన క్లాంపుల మీద పెట్టండి. చూడటానికి రెండూ ఒకటే చోటు, కానీ ఒకటి కాదు. రెండు అంకెలూ రాయండి.

#19 · మలుపు_దారి

సీసపు మొనల మీద 12.2. క్లాంపుల మీద 11.1. మళ్లీ మళ్లీ చూశాను, అంతే. పాజిటివ్ మొన నుంచి దాని క్లాంపుకి నేరుగా కొలిస్తే 1 ఓల్టు పైనే. ఒక్క అంగుళం దూరంలో అంత ఓల్టేజీ ఎక్కడికి పోయింది?

#20 · సున్నా_ఓమ్

ఆ రెంటి మధ్య ఉన్న పొర మింగేసింది. క్లాంపు విప్పండి, లోపలి వైపు బూడిద రంగులోనో పచ్చగానో చిలుము కనిపిస్తుంది.

జరిగేది ఇదీ. ఆల్టర్నేటర్ వైరు, స్టీరింగ్ వైరు రెండూ క్లాంపు వైపే ఉన్నాయి. రోడ్డు మీద ఇంజిన్ వేగంగా తిరుగుతుంటే ఆల్టర్నేటర్ ఒక్కటే అందరినీ పోషిస్తుంది, బ్యాటరీ అవసరం పడదు. అందుకే అప్పుడు స్టీరింగ్ తేలిక. పార్కింగ్‌లో ఐడిల్ మీద ఆల్టర్నేటర్ చాలదు, బ్యాటరీ సాయం రావాలి, ఆ సాయం చిలుము దాటి రాలేకపోతోంది. స్టీరింగ్ కప్లర్ దగ్గర కొలిస్తే 11.1 కన్నా ఇంకా తక్కువే ఉంటుంది, మధ్యలో వైరు, ఫ్యూజు ఉన్నాయి కాబట్టి. ఓల్టేజీ బాగా తగ్గితే ఈపీఎస్ సాయం తగ్గించుకుంటుంది.

బ్యాటరీ విప్పేటప్పుడు నెగెటివ్ ముందు తీయండి, బిగించేటప్పుడు నెగెటివ్ చివర. పాజిటివ్ విప్పే పానా బాడీకి తగిలితే నిప్పులు రాలతాయి. చిలుముని గోరువెచ్చటి నీళ్లలో వంటసోడా కలిపి కడగండి, తర్వాత గీకండి.

#21 · నల్లవైరు

సున్నా_ఓమ్ గారూ, రెండు జబ్బులన్న మీ మాటే నిజమైంది. నేను ఒకటే అని పట్టుబట్టాను. లక్ష కిలోమీటర్లు దాటిన బండిలో రెండు చోట్ల ఒకేసారి చిలుము పట్టడం వింతేమీ కాదు, నేను ఒప్పుకోవాల్సింది.

#22 · మలుపు_దారి

చిలుము అలా ఇలా లేదు. క్లాంపు లోపల బూడిద రంగు పెంకు కట్టేసి ఉంది, స్క్రూడ్రైవర్‌తో గీకితే పొరలుగా ఊడింది. కడిగి, గీకి, బిగించాక అదే పరీక్షలో మొన 12.7, క్లాంపు 12.7. సెల్ఫ్ ఒక్క దెబ్బకి అందుకుంటోంది. బ్యాటరీ మార్చలేదు.

ఇది రాసేనాటికి మూడు వారాలు, 1,400 కిలోమీటర్లు. రెండు రోజులు కుండపోత వానలో కూడా తిరిగాను. ముల్లు పడలేదు, ఏ లైటూ రాలేదు. మా ఇంట్లో అందరిలోకీ చిన్నది "స్టీరింగ్ లైటు రాలేదు కదా నాన్నా" అని రోజూ అడిగేది, ఇప్పుడు అడగడం మానేసింది.

#23 · రాత్రి_డ్రైవ్

చాలా సంతోషం. ఒక సందేహం: రంగు గీకేసిన చోట ఇనుము బయటపడింది కదా, అక్కడ మళ్లీ తుప్పు పట్టదా? బిగించే ముందే గ్రీజు పూస్తే సరిపోయేది కాదా?

#24 · మలుపు_దారి

నాకూ అదే సందేహం వచ్చి నల్లవైరు అన్నని అడిగాను. ముందు గ్రీజు పూయొద్దన్నారు. ఇనుము, రింగు నేరుగా ఆనుకుని బోల్టు పూర్తిగా బిగిశాక, పైన, చుట్టూ పూయమన్నారు, నీళ్లు అంచుల్లోంచి దూరకుండా. అలాగే చేశాను. గీకిన చోటు రింగు కన్నా వెడల్పుగా ఉన్న మేర టచ్-అప్ రంగు కూడా బిగించాకే అద్దాను. వచ్చే సర్వీస్‌లో ట్రే విప్పినప్పుడు బల్బు మళ్లీ పెట్టి ఆ 0.04 ఎంతకు చేరిందో ఇక్కడే రాస్తాను.